చిన్న డ్రమ్ కిట్‌కు సింబల్స్: కడపలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఇరవై ఏళ్ళుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. ఆదివారం పొద్దున చర్చిలో, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్కెస్ట్రాతో, మిగతా సాయంత్రాలు మా మిద్దె మీద పిల్లలకు పాఠాలు. డ్రమ్స్ గురించి అడిగేవాళ్ళు తక్కువ. ఫోన్ మోగిందంటే సింబల్స్ గురించే, అంటే డ్రమ్స్ పక్కన స్టాండ్ల మీద ఉండే ఆ లోహపు పళ్ళేల గురించే. ఒకే జవాబు పదేపదే చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్నిచోట్ల నా సొంత ఇష్టాలు దూరాయి, నచ్చకపోతే వదిలేయండి.

చిన్న కిట్ అంటే ఎంత చిన్నది?

కాలితో పెడల్ తొక్కి మోగించే కిక్ డ్రమ్ 16, 18 లేదా 20 అంగుళాలు, మోకాళ్ళ మధ్య ఉండే ఒక స్నేర్, పైన ఒక టామ్, పక్కన నేల మీద నిలిచే ఒక ఫ్లోర్ టామ్. మామూలు కిట్‌లో కిక్ 22 అంగుళాలు ఉంటుంది. మొత్తం సామాను ఒకే ఆటోలో పట్టి, నాకూ కాస్త చోటు మిగిలితే అది చిన్న కిట్. ఇది నా లెక్క.

ఎన్ని సింబల్స్ ఉంటే చాలు?

మూడు. హైహ్యాట్ జత (పెడల్ తొక్కితే ఒకదానిమీద ఒకటి మూసుకునేవి), ఒక క్రాష్ (అక్కడక్కడా గట్టిగా ఒక దెబ్బ వేసేది), ఒక రైడ్ (నడకను పట్టి వరసగా కొట్టేది). డబ్బు రెండింటికే సరిపోతే హైహ్యాట్, 18 అంగుళాల క్రాష్‌రైడ్ తీసుకోండి. క్రాష్‌రైడ్ అంచు మీద కొడితే క్రాష్‌లా విచ్చుకుంటుంది, ఒంటి మీద స్టిక్ మొనతో కొడితే రైడ్‌లా టింగుమంటుంది. ఏ పనీ పూర్తిగా చేయదన్నది నిజమే. అయినా నాసిరకం రేకులు నాలుగు వేలాడదీసుకోవడం కన్నా ఇది మేలు. మా ఆర్కెస్ట్రాలో ఒకాయన పదేళ్ళు ఈ రెండింటితోనే పెళ్ళిళ్ళు లాగించాడు. పందిట్లో ఎవరూ వచ్చి మూడోది ఏదని అడగలేదు.

మంచి డ్రమ్స్ కొని, సింబల్స్ తర్వాత చూసుకుంటే కాదా?

నేనైతే తిరగేసి చేస్తాను. డప్పు వాయించేవాళ్ళను చూడండి. తోలు మెత్తబడితే నాలుగు చితుకులు వేసి మంట దగ్గర కాస్తారు, మళ్ళీ ఖంగుమంటుంది. డ్రమ్ముదీ అదే దారి. హెడ్, అంటే పైన బిగించిన పొర, మార్చొచ్చు, కీతో బిగించొచ్చు, లోపల దుప్పటి ముక్క పెట్టొచ్చు. చవక డ్రమ్ముకు మంచి హెడ్ వేసి ఓపిగ్గా శ్రుతి చేస్తే దగ్గరివాళ్ళు కూడా పోల్చుకోలేరు. సింబల్‌కు ఆ వీలు లేదు. దాని గొంతు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోయి వస్తుంది. మీరు చేయగలిగిందల్లా టేపు ముక్క అంటించి కాస్త నోరు నొక్కడమే. అందుకే చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా సింబల్స్‌కే పెట్టమంటాను. షాపువాళ్ళకు ఈ మాట నచ్చదు.

"అన్నా, ముందు ఏది కొనాల?"

హైహ్యాట్. పిల్లలందరికీ క్రాష్ మీదే మోజు. చెయ్యెత్తి కొడితే చూసేవాళ్ళకు బాగుంటుంది కదా. కానీ పాటలో క్రాష్ పడేది ఎన్నిసార్లు? పల్లవి ఎత్తుకున్నప్పుడు ఒకటి, చరణం ముగిసి మళ్ళీ పల్లవికి వచ్చేటప్పుడు ఒకటి. హైహ్యాట్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా నడుస్తూనే ఉంటుంది. నిమిషానికి 100 బీట్ల పాట, బీటుకు రెండు దెబ్బలు, నాలుగు నిమిషాలు అనుకోండి. 800 దెబ్బలు. అన్నిసార్లు వినిపించేది గరిటె చప్పుడు చేస్తుంటే పాట మొత్తానికీ అదే రంగు పడుతుంది.

చిన్న కిట్‌కు 14 అంగుళాల జత ఎప్పుడూ తప్పు కాదు. 13 అయితే శబ్దం కాస్త పొడిగా, చురుగ్గా ఉంటుంది, చిన్న స్నేర్ పక్కన బాగా అతుకుతుంది. చాలా జతల్లో కిందిది పైదానికన్నా బరువు. పైది మనం స్టిక్‌తో కొట్టేది, కిందిది పెడల్ తొక్కినప్పుడు 'చిక్' అనే స్పష్టతను ఇచ్చేది. కొనేటప్పుడు తారుమారు అయిందేమో చూడండి.

పెడల్ తొక్కితే 'చిక్' రాకుండా 'పుస్' అంటోందని చాలామంది వస్తారు. సింబల్ పాడైందని కాదు. రెండూ సరిగ్గా సమంగా మూసుకుంటే మధ్యలో గాలి చిక్కుకుపోతుంది. స్టాండ్ మీద కింది సింబల్ కూర్చునే చోట చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే కిందిది ఒక పక్కకు ఒరుగుతుంది. అంతే, పలుకుతుంది. కొత్త హైహ్యాట్ కొనే ముందు ఆ స్క్రూ తిప్పి చూడండి, కొందరికి డబ్బు మిగిలింది.

కిట్‌తో పాటు వచ్చిన సింబల్స్ పనికిరావా?

మొదటి ఆరు నెలలు పనికొస్తాయి. చవక కిట్లతో వచ్చేవి ఎక్కువగా ఇత్తడివి. ఇత్తడి అంటే రాగి, జింకు. మంచి సింబల్స్ కంచువి, అంటే రాగి, తగరం. మన భాషలో గట్టిగా, నిండుగా పలికే గొంతును కంచు కంఠం అంటాం కానీ ఇత్తడి కంఠం అనం కదా, లోహం గుణం ఎప్పుడో పట్టేశారు పెద్దవాళ్ళు. ఇత్తడి సింబల్‌ను కొడితే శబ్దం ముద్దగా వచ్చి తొందరగా ఆగిపోతుంది, పెళ్ళి భోజనాల దగ్గర పళ్ళెం జారిపడ్డట్టు. కంచు అయితే విచ్చుకుని, మెరిసి, నెమ్మదిగా అణుగుతుంది.

బి8, బి20 అని రాసి ఉంటుంది, అదేమిటి?

కంచులో తగరం వాటా. బి8లో 92 పాళ్ళు రాగి, 8 పాళ్ళు తగరం. బి20లో 80 రాగి, 20 తగరం. మధ్యలో బి12 కూడా ఉంది. గుడిగంటల కంచు బి20కి దగ్గరి చుట్టం.

బి8 సింబల్స్‌ను తయారైన పలక నుంచి గుండ్రంగా కోసి, వంచి, సుత్తి దెబ్బలు వేసి తీస్తారు. ఒకే పలక కాబట్టి ఒకదానికొకటి పెద్ద తేడా ఉండదు, ధర తక్కువ, శబ్దం సూటిగా, తళతళలాడుతూ ఉంటుంది. బి20ని చాలావరకు కరిగించి పోతపోసి, ఒక్కో ముద్దనూ కాల్చి రోలర్ల కింద సాగదీసి, సుత్తితో కొట్టి, లేత్ మీద చెక్కుతారు. అందుకే ఒకే మోడల్, ఒకే సైజు రెండు తీసుకున్నా అక్కాచెల్లెళ్ళలా పోలికలుంటాయి తప్ప ఒకటే గొంతు ఉండదు. శబ్దంలో పొరలు ఎక్కువ. ధరా ఎక్కువే.

కంపెనీ, దాని సిరీస్ పేర్లతో చెప్పాలంటే: మైన్ల్ హెచ్‌సీఎస్, సేబియన్ ఎస్‌బీఆర్, పైస్టి 101 ఇత్తడివి. జిల్జియన్ ఐ, సేబియన్ బీ8ఎక్స్, పైస్టి పీఎస్‌టీ 5 బి8 కంచు. జిల్జియన్ ఎస్ బి12. సేబియన్ ఎక్స్‌ఎస్‌ఆర్, జిల్జియన్ ఏ, కే బి20. ఇత్తడి నుంచి బి8కి మారితే తేడా వాయించని వాళ్ళకు కూడా తెలుస్తుంది. బి8 నుంచి బి20కి మారితే వాయించేవాడికి ఎక్కువ తెలుస్తుంది. నా సలహా అడిగితే, క్రాష్, రైడ్ బి8లో ఉన్నా ఫర్వాలేదు, హైహ్యాట్ మాత్రం సెకండ్ హ్యాండ్ అయినా సరే బి20 చూడండి.

క్రాష్, రైడ్ ఏ సైజులో?

కిక్ 18 ఉన్న కిట్‌కు 16 క్రాష్, 20 రైడ్. కిక్ 16 అయితే క్రాష్ 14 లేదా 15 కూడా బాగుంటుంది. సైజు పెరిగే కొద్దీ శబ్దం కిందికి దిగుతుంది, విచ్చుకోవడానికి ఇంకొంచెం సమయం తీసుకుంటుంది. చిన్న కిట్‌కు 22 రైడ్ పెట్టకూడదని శాస్త్రమేం లేదు. జాజ్ వాయించేవాళ్ళు 18 కిక్ మీద 22 రైడ్ పెడతారు, అద్భుతంగా ఉంటుంది. (మన ఆర్కెస్ట్రా వాళ్ళు డ్రమ్ కిట్‌నే 'జాజ్' అంటారు. నేను చెబుతున్నది ఆ సంగీతం గురించి.) కాకపోతే పందిట్లో మీకు ఇచ్చే స్టేజీ మూల నాలుగడుగులుంటే 22 మీ పక్కన కీబోర్డ్ ఆయన మోచేతికి తగులుతుంది.

సన్నవా, మందమైనవా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, అడగాల్సింది మాత్రం ఇదే. ఒకే సైజులో సన్నది తొందరగా విచ్చుకుంటుంది, స్వరం కిందికి ఉంటుంది, తొందరగా అణుగుతుంది. మందమైనది స్వరం పైకి, మోత ఎక్కువ, మోగుతూనే ఉంటుంది. స్టిక్ మొన పడిన 'టిక్' స్పష్టంగా వినపడుతుంది.

ప్రొద్దుటూరులో నగ కొనేటప్పుడు డిజైన్ ఎంత నచ్చినా తూకం చూడకుండా కొంటామా? సింబల్‌కూ అంతే. 20 అంగుళాల రైడ్ సన్నదైతే రెండు కిలోల లోపు ఉంటుంది, బరువైనది రెండున్నర దాటుతుంది. అదే సైజు, అదే కంపెనీ, అరకిలో తేడా. రెండూ రెండు వేరే వాద్యాలు. చిన్న కిట్ గొంతు చిన్నది కాబట్టి దాని పక్కన బరువైన సింబల్ పెడితే డ్రమ్స్ వినపడవు. క్రాష్ సన్నదే తీసుకోండి, హైహ్యాట్ మధ్యస్థం. రైడ్ ఒక్కటి కాస్త బరువున్నా నష్టం లేదు.

మా చర్చిలో సింబల్స్ గోల ఎక్కువని పెద్దలు అంటున్నారు. ఏం చేయాలి?

పెద్దల మాట నిజమే, తప్పు సింబల్ ఒక్కదానిదే కాదు. మన హాళ్ళు ఎలా కడతాం? పైన స్లాబు, కింద కడప బండలు, నాలుగు వైపులా నున్నటి గోడలు, ఇనప కిటికీలు. సింబల్‌ది పై స్థాయి శబ్దం. అది గట్టి బండకు తగిలితే వెనక్కి వస్తుంది, మళ్ళీ స్లాబుకు తగిలి ఇంకోసారి వస్తుంది. మెత్తటి వస్తువు దొరికితేనే ఇంకుతుంది. ఖాళీ హాల్లో శనివారం రాత్రి ప్రాక్టీసులో భయంకరంగా ఉన్నది ఆదివారం జనం నిండాక సగం తగ్గినట్టు అనిపిస్తుంది. మనుషులు, చీరలు, దుప్పట్లు శబ్దాన్ని తాగేస్తాయి.

ముందు తేలిక పనులు చేయండి. కిట్ కింద మందపాటి తివాచీ, వెనక గోడకు బరువైన కర్టెన్. లావు స్టిక్స్ పక్కన పెట్టి 7ఏ అనే సన్న సైజు తీసుకోండి. ఇంకా తగ్గాలంటే హాట్‌రాడ్స్, అంటే సన్న పుల్లల కట్ట. క్రాష్ 18 ఉంటే 16 సన్నదానికి మార్చండి. కిట్‌ను పాడేవాళ్ళ మైకుల వెనకే పెట్టి ఉంటే జరపండి. ఇది చాలామంది గమనించరు. పాడే అమ్మాయి మైకులో ఆమె గొంతుతో పాటు మీ క్రాష్ కూడా దూరుతుంది. గొంతు సరిగా వినపడట్లేదని సౌండ్ ఆయన ఆ మైకు పెంచుతాడు, దాంతో క్రాష్ ఇంకా పెరుగుతుంది. మీరు మెల్లగా కొట్టినా లాభం ఉండదు.

ఇక తిరునాళ స్టేజీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆరుబయట గోడలుండవు, శబ్దం ఆకాశంలోకి పోతుంది. చర్చిలో చెవులు మూయించిన సింబల్ అక్కడ మూడో వరుసకు కూడా చేరదు. అక్కడ ఓవర్‌హెడ్ మైకు, అంటే సింబల్స్ పైన పెట్టేది, అడగండి. బలంగా కొట్టి చేరవేద్దామనుకుంటే సింబల్ పగులుతుంది.

ఇంట్లో ప్రాక్టీసు, పక్కింటివాళ్ళతో గొడవ...

చిల్లులు పొడిచిన లో వాల్యూమ్ సింబల్స్ దొరుకుతాయి. జల్లెడలా ఉంటాయి, శబ్దం చాలావరకు తగ్గుతుంది, చేతికి మాత్రం అసలు సింబల్‌లాగే తగులుతుంది. రబ్బరు ప్యాడ్ల కన్నా ఇవి నయం. అంత డబ్బు వద్దనుకుంటే పాత టవల్ కప్పండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు మాత్రం వాయించొద్దు. మే నెలలో మా ఊళ్ళో ఆ వేళ నిద్ర లేపితే టవల్ కాదు కదా పరుపు కప్పినా గొడవే.

ప్యాడ్స్ ఉన్నాయి కదా, నిజం సింబల్స్ ఎందుకు?

ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లో డప్పు, తబలా, డోలక్ అన్నీ బాగా పలుకుతాయి. హైహ్యాట్ దగ్గరే దొరికిపోతుంది. సగం తెరిచి మెల్లగా మూసే ఆ జారుడు, కాలితో మధ్య మధ్య వేసే 'చిక్' దాంట్లో కృతకంగా ఉంటాయి. ప్యాడ్ పక్కన నిజం హైహ్యాట్ ఒకటి, క్రాష్ ఒకటి పెట్టి చూడండి. ఇప్పుడు నేను పెళ్ళిళ్ళకు పోయేది అలాగే.

ఏ కంపెనీ మంచిది?

కంపెనీ కన్నా ఏ సిరీస్ అన్నది ముఖ్యం. పెద్ద కంపెనీలు చాలావరకు చవక రకాలూ అమ్ముతాయి, బి20వీ అమ్ముతాయి. పేరు మాత్రం ఒకటే ముద్ర కొడతారు, మోసపోయేది అక్కడే.

జిల్జియన్ కథ మాత్రం చెప్పకుండా ఉండలేను. ఇప్పటి ఇస్తాంబుల్‌లో అవెడిస్ అనే అర్మేనియన్ లోహాలతో ప్రయోగాలు చేసేవాడు. బంగారం తయారు చేయబోయి మోగే కంచు కనిపెట్టాడని చెబుతారు. 1623లో వ్యాపారం మొదలైంది. టర్కిష్ భాషలో 'జిల్' అంటే సింబల్, ఇంటిపేరుకు అర్థం సింబల్స్ చేసేవాడి సంతానం అని. మన కంసాలి, కంచరి లాగే వృత్తే ఇంటిపేరయింది. 1929లో తయారీ అమెరికాకు వచ్చింది. తర్వాత అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా వచ్చి, తమ్ముడు రాబర్ట్ 1981లో కెనడాలో సేబియన్ పెట్టాడు. తన ముగ్గురు పిల్లలు శాలీ, బిల్లీ, ఆండీ పేర్లలోని మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరాలు కలిపి ఆ పేరు కట్టాడు. పైస్టిది స్విట్జర్లాండ్, మైన్ల్‌ది జర్మనీ. ఇస్తాంబుల్‌లో ఇప్పటికీ చేత్తో సుత్తి వేసి చేసే కార్ఖానాలు ఉన్నాయి. నాకు అవే ఇష్టం, నా దగ్గర ఒక్కటే ఉంది.

ఒకే కంపెనీవి కొనాలన్న నియమం లేదు. వరసగా కొట్టినప్పుడు ఒకదానితో ఒకటి పొసగాలి, అంతే.

ఎక్కడ కొనాలి?

వీలైతే చెవితో విని కొనండి. కడప వాళ్ళం చెన్నైకో బెంగళూరుకో పోతాం, అనంతపురం వాళ్ళకు బెంగళూరు, కర్నూలు వాళ్ళకు హైదరాబాద్ దగ్గర. పోయేటప్పుడు మీ స్టిక్స్, మీ హైహ్యాట్ తీసుకుపోండి. షాపులో ఇచ్చే స్టిక్‌తో, షాపు హైహ్యాట్ పక్కన విన్న క్రాష్ ఇంటికొచ్చాక వేరేలా ఉంటుంది. ఒకసారి మీరు కొట్టండి, ఒకసారి వెంట వచ్చినవాణ్ణి కొట్టమని మీరు పది అడుగుల దూరంలో నిలబడి వినండి. దగ్గర కరుకుగా ఉన్నది దూరానికి తియ్యగా ఉండటం మామూలే. ఆన్‌లైన్‌లో అయితే బరువు గ్రాముల్లో రాసినవాళ్ళ దగ్గరే కొనండి.

సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి?

పగలు చూడండి. నేనొకసారి రాత్రి పదింటికి, బస్సు టైమైపోతోందన్న టెన్షన్‌లో, ట్యూబ్‌లైట్ వెలుతురులో 16 క్రాష్ ఒకటి కొన్నాను. పొద్దున మిద్దె మీద ఎండలో చూస్తే బెల్ (మధ్యలో ఉబ్బెత్తు భాగం) పక్కన వెంట్రుకంత పగులు. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు.

అప్పటి నుంచి ఇలా చూస్తున్నాను. అంచు చుట్టూ వేలి గోరు నడిపిస్తాను, ఎక్కడైనా తట్టుకుంటే ఆగుతాను. సింబల్‌ను ఎండకు అడ్డం పట్టి వెనక నుంచి వెలుతురు దూరుతుందేమో చూస్తాను. లేత్ గీతల వెంబడే పోయే పగుళ్ళు దొంగవి, గీతలో గీతలా కలిసిపోతాయి. అంచు పట్టుకుని కొద్దిగా వంచితే నోరు తెరుస్తాయి. మధ్య రంధ్రం గుండ్రంగా ఉండాలి, తాళం రంధ్రంలా సాగిపోయి ఉంటే ప్లాస్టిక్ స్లీవ్ (రాడ్‌కు తొడిగే చిన్న గొట్టం) లేకుండా ఏళ్ళపాటు ఇనప రాడ్ మీద ఊగిందని అర్థం. చివరగా వేలికి తగిలించి వేలాడదీసి మెల్లగా తడతాను. 'జర్ర్' అంటే వద్దు. నల్లబడటం, ముద్ర చెరిగిపోవడం నాకు పట్టింపు లేదు, బేరానికి పనికొస్తాయి.

పగుళ్ళు ఎందుకు వస్తాయి?

మూడు కారణాలు. పైన వింగ్‌నట్ బిర్రుగా బిగించడం, సింబల్‌ను నేలకు సమంగా పెట్టి అంచును నిలువునా నరకడం, ఫెల్ట్ (మెత్తటి బిళ్ళ), స్లీవ్ లేకుండా వాయించడం. నట్టు వదులుగా ఉంచండి, సింబల్ ఊగాలి. మీ వైపు కాస్త వంచి, దెబ్బ తగిలీ తగలగానే స్టిక్ పక్కకు జారిపోయేలా కొట్టండి.

పగిలితే వెల్డింగ్ చేయించొచ్చా?

వద్దు. ఆ వేడికి చుట్టూ ఉన్న లోహం గుణం మారిపోతుంది, శబ్దం చచ్చిపోతుంది, మళ్ళీ ఆ పక్కనే పగులుతుంది. అంచు దగ్గర చిన్న పగులైతే దాని చివర సన్న డ్రిల్ రంధ్రం వేస్తే కొన్నాళ్ళు ముందుకు పోదు. లేదంటే పగిలిన ముక్కను అర్ధచంద్రంగా కోసి అంచు నున్నగా రాయించాలి. అదీ కాకపోతే ఇంకో పాత సింబల్ మీద బోర్లించి స్టాక్ చేయండి. చప్పట్లలాంటి పొడి శబ్దం వస్తుంది, ఇప్పటి పాటలకు అదే అడుగుతున్నారు.

చింతపండుతో తోమొచ్చా?

మా అమ్మ తోమింది. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ, దేవుడి సామానుతో పాటు నా రైడ్‌ను కూడా చింతపండు, బూడిద వేసి తళతళలాడించింది. కంపెనీ ముద్ర పోయింది, పైన ఉండే పల్చటి పూత పోయింది, రెండు నెలల్లో ముందుకన్నా ఎక్కువ మచ్చలు పడింది. శబ్దంలో తేడా నాకైతే తెలియలేదు. పులుపు, గరుకు పొడి రెండూ వద్దు. వాయించాక చేతి చెమట పొడి గుడ్డతో తుడవండి, ఎప్పుడైనా సబ్బు నీళ్ళు. సంచిలో రెండింటి మధ్య గుడ్డ వేయండి. ఆర్టీసీ బస్సులో పైన పెట్టొద్దు, ఒళ్ళో పెట్టుకోండి.

ఎండకు కారులో వదిలేస్తే?

సింబల్స్‌కు ఏం కాదు. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. డ్రమ్ హెడ్స్ మాత్రం వదులవుతాయి.

స్ప్లాష్ (బుల్లి క్రాష్), చైనా (అంచు పైకి తిరిగినది) కొనాలా?

ఇప్పుడే వద్దు.

పైసా ఖర్చు లేకుండా కొత్త శబ్దం ఏమైనా వస్తుందా?

రెండు చెబుతాను. ఇంట్లో పనికిరాని పాత కాలిపట్టీ ఉంటే రైడ్ పైన నట్టుకు దారంతో కట్టి, ఒంటి మీదికి వేలాడేలా వదలండి. మెల్లటి పాటల్లో సన్నటి జల్లులా 'సర్ర్' అంటూ సాగుతుంది. రెండోది, భజనలో వాడే చిడత ఒకటి తీసుకుని హైహ్యాట్ రాడ్‌కు, పై సింబల్‌ను పట్టి ఉంచే క్లచ్ మీద రబ్బరు బ్యాండ్లతో గట్టిగా కట్టండి. పెడల్ తొక్కిన ప్రతిసారీ గలగలమంటుంది. డప్పు నడక ఉన్న పాటలకు కట్టి ఉంచుతాను, ఆరాధనలో ప్రార్థన మొదలయ్యే ముందు విప్పేస్తాను. ఒకసారి మరిచిపోయి, నిశ్శబ్దంలో కాలు కదిపాను. పాస్టర్ గారు కళ్ళు తెరిచి నా వైపే చూశారు.